ఊరడగని ఫోను

మొన్నామధ్య బందరు నుంచి అవనిగడ్డ వెళ్తుంటే చల్లపల్లి దగ్గర మా బస్సు ముందొక ఆటో అడ్డంగా ఆగిపోయింది. దాని వెనకాల రేకు మీద ఎర్ర రంగుతో ఒక ఫోను నంబరు, దాని కింద మనసు బరువెక్కితే మాట్లాడండి, మేం వింటాం అని రాసుంది. బస్సు డ్రైవరు హారను మీదున్న చెయ్యి తియ్యడం లేదు, ఆటో అతను దిగి తన టైరు వంక పెళ్లిచూపుల్లోలా తాపీగా చూసుకుంటున్నాడు, పక్క సీటాయన విసుక్కుంటున్నాడు, నేనొక్కణ్ణే ఆ అక్షరాల్ని చూస్తూ ఇంకాసేపు ఆగినా బాగుండు అనుకుంటున్నాను. నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక వయసొచ్చాక మనిషి ఎక్కడున్నా సగమే ఉంటాడు. నా రెండో సగం ఆ పూట బస్సు దిగి, బందరులో చర్చి వెనకాల మేడమీది గదికి వెళ్లి, అక్కడి నల్ల ఫోను ముందు కూచుంది.

నేను ఎనిమిదో క్లాసులోనే చదువుకి నమస్కారం పెట్టినవాణ్ణి. అందుకు మా నాన్న బాధపడ్డాడు గాని మాస్టార్లు పడ్డట్టు లేదు. తర్వాత మైకుసెట్లు అద్దెకిచ్చే పనిలో పడ్డాను. పెళ్లయినా, చర్చి మీటింగయినా, ఊళ్లో నాటకమయినా, హలో హలో అని మొదలెట్టి ఆపమనేదాకా మాట్లాడడం నా ఉద్యోగం, ఆపమన్నాక కూడా కాసేపు మాట్లాడడం నా అలవాటు. చావింట్లో కూడా ఎవరో ఒకర్ని నవ్వించి తిట్లు తిన్న నోరిది. ఈ నోటి మీద మా వదిన కన్నుపడింది. ఆవిడ మా పెద్దన్నయ్య భార్య, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. బతుకు మీద విసిగి ప్రాణం తీసుకోబోయినవాళ్లని జనం మోసుకొస్తుంటే ఏళ్లతరబడి చూసి చూసి, ఇక్కడికి తెచ్చాక చేసే వైద్యం కన్నా, తేకముందు వినే చెవి ఒకటుంటే ఇందులో సగంమంది మంచాలెక్కరు కదా అని, పాస్టరుగారిని బతిమాలి ఆ గది, ఒక డాక్టరుగారిని బతిమాలి పాఠాలు సంపాదించి, మనసు విప్పుకునేవాళ్ల కోసం ఒక ఫోను పెట్టించి, నంబరు ఊరూరా తెలియజేసింది. నీ నోరు ఎలాగూ ఊరికే పోతోంది కదయ్యా, దానికో పని చెప్తాను రా అంది.

దిగులుగా ఉన్నవాళ్లని నవ్వించే పని కాబోలనుకుని, నాలుగు కొత్త జోకులు కూడా తయారు చేసుకుని వెళ్లాను. తీరా చూస్తే మొదటి పాఠమే నోరు మూసుకోవడం. ధైర్యంగా ఉండండి అనకూడదట, అన్నీ సర్దుకుంటాయి అనకూడదట, అవతలి మనిషి ఆ మాట ఎత్తకుండా దేవుడున్నాడు అని కూడా మనం అనకూడదట, ఆ మాటకి పాస్టరుగారు కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదిలారు. చావు మాట అనుమానంగా తోస్తే మాత్రం డొంకతిరుగుడు లేకుండా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలన్నారు డాక్టరుగారు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని మనం భయపడతాం గాని, నిజానికి అడిగినందుకు మనిషికి ఊపిరాడుతుందట. అవన్నీ ఎలాగో ఒంటబట్టాయి. ఒంటబట్టనిదల్లా ఆఖరి పాఠమే, ఊరు అడగకూడదు.

మీరే చెప్పండి, మన కృష్ణాజిల్లా మనిషి ఊరడక్కుండా ఎలా ఉంటాడు, అది వచ్చే తుమ్ముని ఆపుకోవడంలాంటిది. గుడివాడలో బస్సెక్కిన మనిషి సీట్లో సర్దుకునేలోపే ఏ ఊరండీ అంటాం, పామర్రు వచ్చేసరికి ఎవరి తాలూకో తేలుతుంది, బందరు చేరేసరికి ఎక్కడో ఒక పిల్లనిచ్చిన వరస కలిసి, దిగేటప్పుడు వస్తాను బావా అనుకుంటాం. కానీ ఆ ఫోను చేసే మనిషికి అదే భయమని వదిన చెప్పింది. ఊరు తెలిస్తే ఇంటిపేరు తెలుస్తుంది, ఇంటిపేరు తెలిస్తే ఇతను ఫోను పెట్టేసి గుమ్మం దాటేలోపు కబురు వాళ్లింటికి చేరుతుంది. అందుకే నంబరు కనపడే కొత్తరకం ఫోను ఎవరో ఇస్తామన్నా వద్దంది.

మాతోపాటు వదిన తమ్ముడు కూడా వచ్చేవాడు, నాకు బావ వరస. బస్సు కండక్టరుగా చేసినవాడు, ఊరడగడం పాపం అలవాటు కూడా కాదు, జీతం.

వరి కోతలైన రోజులు. మధ్యాహ్నంపూట కరెంటు పోయింది. సముద్రం మీంచి వచ్చే గాలికి కిటికీ తెర గదంతా నిండి, మళ్లీ ఖాళీ అయి, మళ్లీ నిండుతోంది, మేం ముగ్గురం ఎవరి కలలో వాళ్లం ఉన్నాం. ఫోను మోగింది. బావ తీశాడు. నేర్పినట్టే చాలాసేపు నోరు మెదపకుండా విన్నాడు, వింటున్నకొద్దీ నుదుటి మీద చెమట పట్టింది, చివరికి ఆ కంగారులో ఉద్యోగం పైకొచ్చి, "ఏ ఊరండీ?" అనేశాడు. లైను తెగిపోయింది.

"కొట్టేశావా బావా టిక్కెట్టు," అన్నాన్నేను. ఆ మొహం చూశాక రిసీవరు నేనే అతని చేతిలోంచి తీసి పెట్టేశాను. బతకాలని లేదండీ అన్నాట్ట అవతలి మనిషి. "వెనకాల బాతులు అరుస్తున్నాయిరా," అన్నాడు బావ, అదే పెద్ద ఆచూకీ అయినట్టు. కోతలయ్యాక గుడివాడ నుంచి కోడూరు దాకా బాతులు లేని చేను ఏదండీ? ఎక్కడని వెతుకుతాం, ఏమని వెతుకుతాం? వదిన తన తమ్ముడికి మంచినీళ్లిచ్చి, ఫోను పక్కన బైబిలు పెట్టుకుని, తెరవకుండా దాని మీద చెయ్యేసి కూచుంది. ఎండ నేల మీంచి మా కాళ్ల మీదికి, కాళ్ల మీంచి గోడ మీదికి నెమ్మదిగా వచ్చింది. ఒక మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా, కదలని ఫోను వంక చూస్తూ కూచోవడం ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పడం చేతకాదు.

ఎండ పల్చబడ్డాక మోగింది. బావ చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. నేను తీశాను. ముందు బాతులు వినపడ్డాయి, తర్వాత ఆయన. ఇందాక ఊరడిగితే భయమేసి పెట్టేశానండీ అన్నాడు. ఇక్కడ అడక్కూడదనే రూలండీ, అడక్కుండా ఉండలేక మాకు కడుపులు ఉబ్బిపోతున్నాయి అన్నాను. ఆయన నవ్వలేదు గాని ముక్కుతో ఏదో చప్పుడు చేశాడు. అప్పుడు పాఠం గుర్తొచ్చి, "చనిపోవాలనిపిస్తోందా బాబాయ్?" అని అడిగేశాను.

"అవునండీ," అన్నాడు. మళ్లీ ఆయనే, "ఈ మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ, అందరూ ధైర్యంగా ఉండమనేవాళ్లే," అన్నాడు.

ఆ తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు, నేను ఊఁ కొట్టాను. భార్య పోయిందట. పిల్లల్లేరు, కాలవ పక్కనే ఇల్లు, ఇద్దరూ కలిసి బాతుల్ని మేపుకునేవాళ్లు. పొద్దుగూకితే ఆవిడ కాలవగట్టు మీద నిలబడి ఒక రాగం తీసేదట, నీళ్లలో ఉన్నవన్నీ బారులుతీరి దడిలోకి వచ్చేసేవట. ఆవిడ పోయిన దగ్గర్నుంచి సాయంత్రమైతే అవి నీళ్లలోంచి రావట. ఆవిడ గొంతు కోసం చూస్తాయండీ, వాటికి నేనేం చెప్పనండీ అన్నాడు. ఏదో చెప్పబోతే, చెప్పకూడదని నేర్పిన వదిన ఎదురుగానే ఉంది.

ఆవిడ వాటిని ఎలా పిలిచేదండీ అని అడిగాను. మగాణ్ణి, ఎవరైనా వింటే నవ్వుతారన్నాడు. "వినేది నేనొక్కణ్ణేగా బాబాయ్, నవ్వితే నవ్వాను," అన్నాను. ఫోను చెవి దగ్గర్నుంచి తీసినట్టున్నాడు, దూరంగా, పగిలిన గొంతుతో, ఆడమనిషి రాగం ఒకటి మొదలై మధ్యలో తెగిపోయి మళ్లీ మొదలైంది. బాతుల అరుపులు ఠక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం బందరులో మా గదిదాకా వచ్చింది, తెర కూడా కదలడం మానేసిందనిపించింది నాకు.

అవి ఆ రోజు రాలేదు. ఆయన మాత్రం ఏడ్చాడు, చాలాసేపు, భార్య పోయాక అదే మొదటిసారి ఏడవడమట. తర్వాత ఇవాళ మీ దగ్గర ఎవరుంటారు అని అడిగాను. కాలవ అవతల చెల్లెలుంది గాని దాన్ని ఇబ్బంది పెట్టనన్నాడు. మీరు పిలిచేదాకా నేను ఫోను పెట్టను, మా వదిన నాకు అన్నం కూడా పెట్టదు అన్నాను. చివరికి కాలవ అవతలికి కేకేసి పిలిచాడు. చెల్లెలు రొప్పుకుంటూ వచ్చి, "అన్నం చల్లారిపోతుంటే ఎవరితో అన్నయ్యా నీ కబుర్లు," అనడం నాకు వినపడింది. ఆయన ఏదో చెప్పాడు. తర్వాత ఆవిడ ఫోను తీసుకుని, ఏమండీ, మా ఇంటికి తీసుకుపోతున్నాను, ఒంటరిగా వదలను అంది. వదిన రిసీవరు అందుకుని ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో, ఎలా కనిపెట్టుకుని ఉండాలో అన్నీ చెప్పింది, ఊరు మాత్రం అడగలేదు.

ఆయన చాన్నాళ్లు ఫోను చేశాడు. మందులు నిద్రపట్టిస్తున్నాయనేవాడు. ఒకనాడు, నాలుగు బాతులు వచ్చాయండీ, మిగతావి ఆలోచిస్తున్నాయి అన్నాడు. ఆ మాట బావకి చెప్తే, కండక్టరు ఉద్యోగంలో చిల్లర దొరకని రోజున కూడా ఏడవనివాడు, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. చివరిసారి చేసినప్పుడు, మీ ఊరు నేనూ అడగన్లెండి, ఎక్కడన్నా ఎదురుపడితే పలకరిస్తాను అన్నాడు. ఎలా పోల్చుకుంటారు బాబాయ్ అంటే, గొంతు తెలుసుగా అన్నాడు. తర్వాత చెయ్యలేదు. చెయ్యకపోవడం కూడా మంచి కబురే అనుకోవాలి అనేది వదిన.

ఇప్పుడు వదిన లేదు, ఆ మేడా లేదు. ఆటోల మీద నంబర్లు రాసి, రాత్రీపగలూ వినే చదువుకున్న పిల్లలున్నారు, ఆవిడ చూసుంటే ఎంత సంతోషించేదో. ఊరడిగేవాళ్లే లేరు. గుడివాడలో ఎక్కిన మనిషి బందరులో దిగేదాకా పక్కనున్నది మనిషో మూటో చూడడు, అందరి చెవుల్లోనూ ఏవో బిరడాలు. దానికితోడు నా గొంతు కూడా బొంగురుపోయింది, ఈమధ్య ఫోనులో మా అమ్మాయే ఎవరండీ అంటోంది. అయినా సరే, అవనిగడ్డ బస్టాండులో దిగితే టీ మాత్రం నేను కాస్త గట్టిగానే అడుగుతాను.