కరీం భాయ్ కోటు గుండీ

ఈ రోజు మధ్యాహ్నం, సిద్దిపేటలో మా ఎదురింటి టైలర్ కరీం భాయ్ కేకేశాడు. "సారూ, గీ సాలెపురుగు కోటు గుండీ ఎత్కపోతున్నది, జర రాండ్రి!"

కాలేజీలో జువాలజీ చెబుతాను కాబట్టి స్పిరిట్ సీసాతోనే వెళ్లాను. చదునైన ఒళ్లు, ఎండ్రకాయలా పక్కలకు చాచిన కాళ్లు, రెండు వరుసల్లో ఎనిమిది కళ్లు. వల అల్లకుండా వేటాడే హంట్స్‌మన్ సాలీడు. పొట్ట కింద పట్టుకున్నది గుండీ కాదు, గుడ్ల సంచి. ఏ జాతో కచ్చితంగా తేలాలంటే చంపి, మైక్రోస్కోప్ కింద చూడాలన్నాను.

దాన్ని కొట్టడానికి ఎత్తిన స్కేలునే కరీం భాయ్ నాకు అడ్డం పెట్టాడు. "పేరు తెల్వకుంటె ఏమైతది సార్? పిల్లల తల్లి, ఉండనియ్యుండ్రి."

నా నోట్‌బుక్‌లో జాతి గడి ఖాళీగానే ఉంది. 'పిల్లల తల్లి' అని రాసుకుంటే తప్పంటారా?