ముందు నట్టు ఎక్కించు బిడ్డా

మా బాపు పోయాడు. తెలంగాణ వచ్చిందని శంషాబాద్ బస్టాండు దగ్గర పటాకులు కాలుస్తున్న రోజునే పోయాడు. దవాఖాన నుంచి ఆటోలో తీసుకొస్తుంటే జనం గులాల్ చల్లుకుంటూ ఎదురొచ్చారు. ఒకాయన సంబరంగా లోపలికి తొంగిచూసి, నా నుదుటికి రంగు పూయబోయి, నా ఒళ్లో ఉన్న తలను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరు చెప్పాడు. నేను మాత్రం తప్పంతా ఊపిరితిత్తులదే అనను.

ఇది రాస్తానంటే మా అమ్మ వద్దంది. "పోయినోళ్ల మీద మంచిగ రాయాలె బిడ్డా, గవన్నీ ఎందుకు తవ్వుతవు" అంది. మంచే రాస్తున్నాను. కాకపోతే ఆ మంచి చెప్పాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. బాపు బతికి ఉన్నంతకాలం దాన్ని నా నోట రానివ్వలేదు.

మీరు విమానాశ్రయం దిక్కు ఏ హోటలుకో, ఆఫీసుకో వెళ్లి ఉంటారు. తలెత్తి చూస్తే తెల్లటి సీలింగు కనబడుతుంది. దాని పైన ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు, నీళ్ల పైపులు, కరెంటు తీగలు పరిచే తట్టలు, అన్నీ ఇనుప కడ్డీలకు వేలాడుతుంటాయి. వేలంత లావు కడ్డీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా మరలే. థ్రెడ్ రాడ్ అంటారు. పొడుగ్గా వచ్చిన ఆ రాడ్లను కావలసిన కొలతకు కోసి, కొసలు శుభ్రం చేసి పైకి అందించడం మా బాపు పని. మా జొన్న చేను విమానాశ్రయం కింద పోయాక, ఆ కట్టడంలోనే కూలికి చేరి నేర్చుకున్న పని అది. తర్వాత చుట్టుపక్కల భవనాలు లేస్తుంటే ఒక గుత్తేదారు దగ్గర కుదిరాడు. పని ఎక్కువైతే రాడ్లు మా వాకిట్లోకే వచ్చేవి. అక్కడ ఒక చింతమొద్దుకు, రాడ్డును కదలకుండా పట్టే వైస్ బిగించి ఉండేది.

కోసే ముందు రాడ్డుకు ఒక నట్టు ఎక్కించేవాడు. గుర్తు పెట్టిన చోటు దాటేదాకా దాన్ని తిప్పి, అప్పుడు రంపం తీసేవాడు. కోత అయ్యాక కొస చుట్టూ ఆకురాయితో ఏటవాలుగా రాకి, పొడి దులిపి, ఆ నట్టును కోసిన వైపు నుంచి బయటికి తీసేవాడు. కోతలో నలిగిన మరలను నట్టే సరిచేసుకుంటూ వస్తుంది. ఎక్కడా పట్టకుండా బయటికి వచ్చిందంటే పని అయినట్టు. అయినా బాపుకు నమ్మకం చాలదు. కొసను తన పంచె అంచు మీద ఒకసారి రుద్దేవాడు. నూలు పోగు చిక్కిందంటే మళ్లీ ఆకురాయి అందుకునేవాడు. ఆయన పంచెలన్నీ ఒకే పక్క చిరిగి ఉండేవి. "పంచెలు నీకు కొంటున్ననా, ఇనుముకు కొంటున్ననా?" అని అమ్మ రోజూ గునిసేది.

మా బాపు శాంతమూర్తి అని రాస్తే మా ఊళ్లో నవ్వుతారు. నోరు మంచిది కాదు. ఆకురాయి పట్టడం నాకు ఆయనే నేర్పాడు, ఆ నేర్పడంలో నేను తిన్న తిట్లు ఇక్కడ రాయలేను. తొందరలో నట్టు మరిచిపోయి రంపం పెడితే చాలు, వైస్ మీద చెయ్యేసి ఆపేవాడు. "ముందు నట్టు ఎక్కించు బిడ్డా! అన్నం పెట్టకుండనే పిల్లను బడికి తోల్తవా ఏంది?" అనేవాడు. ఒక మంచి కోత కోస్తే మాత్రం ఏమీ అనకుండా ఆ ముక్కను తన ముక్కల్లో కలిపేసేవాడు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

మా ఆయన మా ఇంటికి ఇల్లటం వచ్చాడు. బాపే సైట్లో పని ఇప్పించాడు. చురుకైన మనిషి, నలుగురినీ నవ్విస్తాడు. కటింగ్ మిషన్ కింద కట్టకట్ట పెట్టి ఒక్కసారే నరికేసేవాడు. నట్టు లేదు, ఆకురాయి లేదు. కొసలు ముళ్లలా లేచి ఉండేవి.

"అల్లుడా, నరికేటోనికి ఏం తెల్వది. నిచ్చెన మీద చేతులు లేపి బిగించేటోనికి తెలుస్తది" అనేవాడు బాపు.

"ఎవలు చూస్తరు మామా? కింద సీలింగు కప్పేస్తరు గదా" అని మా ఆయన నవ్వేవాడు.

రావిర్యాల దిక్కు ఒక ఆఫీసు భవనంలో ఏసీ గొట్టం ఊడిపడింది. కింద పని చేస్తున్న మనిషికి భుజం, మోచెయ్యి విరిగాయి. ముళ్లు లేచిన కొసకు నట్టు సరిగా ఎక్కక అడ్డంగా పట్టుకుంది. పైన బిగించినవాడు అది బిగుసుకుందనే అనుకున్నాడు. ఆ అంతస్తుకు రాడ్లు కొన్ని బాపు కోశాడు, కొన్ని మా ఆయన. గుత్తేదారు ఇద్దరినీ నిలబెట్టి, ఊడిన రాడ్లు ఎవరివని అడిగాడు. బాపు ఒక ముక్క తీసుకుని కొసను పంచె మీద రుద్దాడట. రుద్ది, "నావే సారూ" అన్నాడట.

సాయంత్రం ఆ ముక్కను నడుముకు దోపుకుని ఇంటికొచ్చాడు. నేను చేతిలోకి తీసుకున్నాను. కొస తగలగానే తెలిసింది. దానికి తెల్లటి పోగు ఒకటి చిక్కుకుని ఉంది.

"గిది నీ కోత కాదు బాపు."

"ఊకో."

"మరెందుకు ఒప్పుకున్నవ్?"

"వాని పని పోతే నీ బతుకేం గావాలె? నేనంటే ముసలోణ్ని. నోరు తెరిచినవంటే నా మీద ఒట్టు."

మా ఆయన అక్కడే గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. ప్రతి మాటా విన్నాడు. తువ్వాలుతో కాళ్లు తుడుచుకుని, వచ్చి పీట మీద కూర్చుని, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

బాపును పనిలోంచి తీసేశారు. ఆయన చోట మా ఆయన మేస్త్రీ అయ్యాడు. ముసలాయనకు చూపు పోయిందని కొందరు, తాగి కోశాడని కొందరు అన్నారు. బాపు జీవితంలో కల్లు తప్ప ముట్టలేదు, అదీ పండక్కే. దెబ్బ తగిలిన మనిషిని చూడటానికి దవాఖానకు వెళితే, అతని భార్య వార్డు ముందే నిలబడి "నీ చేతులు పడిపోను" అని తిట్టింది. ఇంటికొచ్చి "ఆ పిల్ల అన్నదాంట్ల తప్పేమున్నది" అన్నాడు. ఆ తర్వాత చాయ్ హోటల్‌కు వెళ్లడం మానేశాడు. పొద్దున్నే చింతమొద్దు దగ్గర కూర్చునేవాడు. కోయడానికి ఎవరూ ఏమీ పంపేవారు కాదు. వైస్‌కు నూనె రాసి, తుడిచి, లోపలికి వచ్చేవాడు.

నాకు బాపు మీద కూడా కోపమే. నా బతుకు నిలబెట్టానని అనుకున్నాడు, నన్ను అడిగింది లేదు. అబద్ధాన్ని నెత్తిన వేసుకున్న మనిషికి, ఆ అబద్ధం మీద మేస్త్రీ అయిన మనిషికి రోజూ పక్కపక్కనే కంచాలు పెట్టింది నేను. ఆ అన్నం ఎంత చేదుగా ఉండేదో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మా ఆయన ఏనాటికైనా నోరు విప్పుతాడని ఎదురుచూశాను. బాపు మంచం పట్టాక ఆశ ఇంకా పెరిగింది. రాత్రనక పగలనక కాళ్లు పిసికాడు, మందులు తెచ్చాడు, ఆ ఒక్క మాట మాత్రం అనలేదు.

దినాలకు గుత్తేదారు వచ్చాడు. భోజనం దగ్గర కూర్చుని, "మంచి మనిషి. ముసలితనంల చెయ్యి తప్పింది, పాపం" అన్నాడు. మా ఆయన పప్పు గిన్నెతో పక్కనే ఉన్నాడు.

"అవును సారూ" అన్నాడు. "జర పప్పు ఎయ్యాల్నా?"

ఒట్టు బాపు మీద వేసుకున్నది. బాపే లేడు, ఇక ఆ ఒట్టు ఎవరి మీద నిలుస్తుంది? అందుకే రాస్తున్నాను. వార్డు ముందు నిలబడి తిట్టిన చెల్లే, నీ కోపం న్యాయమే. కానీ నువ్వు తిట్టిన చేతులు ఆ రాడ్డు కోయలేదు. మా ఆయన కూడా ఇది చదువుతాడు. చదవనీ.

దినాలు అయిన మర్నాడు, ఊరికే పడుంది కదా, సైటుకు తీసుకుపోతానని మా ఆయన వైస్ విప్పబోయాడు. ముట్టొద్దన్నాను. మూలనున్న రాడ్డు తెచ్చి బిగించాను. ముందు నట్టు ఎక్కించాను, తర్వాత కోశాను. రాకి, నట్టు బయటికి తీసి, బాపు పంచె అంచు మీద రుద్దాను. ఏమీ చిక్కలేదు.

ఆ ముక్కను, ఆనాడు బాపు నడుముకు దోపుకొచ్చిన ముక్కను పక్కపక్కనే ఆయన ఫొటో కింద పెట్టాను. మా ఆయన రోజూ పొద్దున పనికి పోయే ముందు ఫొటోకు దండం పెట్టుకుంటాడు. కళ్లు మూసుకునే పెట్టుకుంటాడు. ఫ్యాను తిరుగుతుంటే, ఆ పాత ముక్క కొసకు చిక్కిన పంచె పోగు ఆయన ముందే కదులుతూ ఉంటుంది.