పెద్ద దేశం, మూడు ఐసు దిమ్మలు

ఒక్క ఉపన్యాసంతో మా నాన్న పరువునీ, మా కొట్టు వేసవి బేరాన్నీ, మూడొందల మంది పెళ్లివారి దాహాన్నీ కలిపి ప్రమాదంలో పడేసిన ఘనుణ్ణి నేను. గజపతినగరంలో ఇప్పటికీ నన్ను చూసి నవ్వు ఆపుకునేవాళ్లున్నారు. నవ్వండి, కాదనను. తప్పంతా నా ఒక్కడిదే అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా ఫిజిక్స్ సార్ ఉత్తుత్తి అంతర్జాతీయ సభ ఒకటి పెట్టారు. విషయం క్వాంటమ్ విధానం, ప్రపంచ భద్రత. క్వాంటమ్ కంప్యూటర్లు పూర్తిగా సిద్ధమైతే బ్యాంకులవీ సైన్యాలవీ రహస్య సంకేతాలు విప్పేస్తాయట. ఆ కంప్యూటర్లలో చాలావాటిని మన ఐసు వేడిగా అనిపించేంత చలిలో ఉంచాలి. అంత చల్లబరిచే యంత్రాలు కొద్ది దేశాలే తయారుచేస్తాయి. వాటిని ఎవరికి అమ్మొచ్చు, ఎవరికి అమ్మకూడదు అన్నదే చర్చ. చీటీలు తీస్తే నాకు ఆ యంత్రాలు తయారుచేసే పెద్ద దేశం వచ్చింది. మా క్లాసు సంతోషికి మ్యాపు మీద ఈగ వాలితే కనబడకుండా పోయే దీవి వచ్చింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. సంతోషి వాళ్లది మా ఊళ్లో ఒక్కగానొక్క ఐసు ఫ్యాక్టరీ. మాది కూల్‌డ్రింకుల కొట్టు. ఈ రెండు ముక్కలూ కలిపి ఆలోచించే బుర్ర మీకుంది. నాకు ఆరోజు లేకపోయింది.

సభలో సంతోషి లేచి, మందుల పరిశోధన కోసం తన దీవికి ఒక్క యంత్రం అమ్మమని మర్యాదగా అడిగింది. నేను అరువు తెచ్చుకున్న కోటు సర్దుకుని లేచాను. ఆ యంత్రం మందులకీ పనికొస్తుంది, మా సైన్యం రహస్యాలు విప్పడానికీ పనికొస్తుంది, కాబట్టి ఇవ్వనన్నాను. అంతగా కావాలంటే దేనికి వాడతారో హామీపత్రం రాయాలి, మా మనుషులు ఎప్పుడొచ్చినా అన్ని తలుపులూ తీసి చూపించాలి అన్నాను.

"మరి మీ కాడున్న యంత్రాలు ఎవులు సూస్తారు?" అంది సంతోషి.

"మాది బాధ్యతగల దేశం. మమ్మల్ని ఎవులూ సూడక్కర్లేదు," అన్నాను.

చప్పట్లు మోగాయి. మొదటి బహుమతిగా స్టీలు క్యారేజీ ఇచ్చారు. అంతటితో ఊరుకుంటే నేను మనిషినే. బోర్డు మీద ఆ దీవి పేరు పక్కన ‘నమ్మదగని దేశం’ అని రాసి, దాని ముందు ఫొటో దిగి, స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న మా నాన్న రామ్మూర్తి మూడు ఐసు దిమ్మల కోసం ఆటో తీసుకెళ్లి, ఉత్త ఆటోతో తిరిగొచ్చాడు. అసలే మే నెల. సాయంత్రం కల్యాణమండపంలో పెళ్లి, వచ్చినవాళ్లందరికీ చల్లటి ద్రాక్షరసం పోస్తానని నాన్న మాటిచ్చేశాడు. పాతికేళ్లలో ఆయన మాట తప్పింది లేదు. ఇప్పుడు చేతిలో ఐసుకి బదులు ఒక కాగితం ఉంది.

"ఏటిరా ఇది? ఐసు రసంలోనూ ఏసుకోవచ్చు, ఎవుడి నెత్తినైనా ఏసి కొట్టొచ్చు, అందుకని హామీ రాస్తేనే ఇస్తాదంట ఆ పిల్ల. మీవోడికి ఎరికే అంటన్నాది," అన్నాడు.

ఫ్యాక్టరీకి పరుగెత్తాను. వాళ్ల నాన్న మోటారు బాగుచేయించడానికి విజయనగరం వెళ్లాడు, కుర్చీలో సంతోషి కూర్చునుంది. నా కోపం చూడాల్సింది మీరు. పెళ్లివారేం పాపం చేశారు, మా నాన్న నిన్నేమన్నాడు, మనుషుల దాహంతో రాజకీయమేమిటి అని కడిగేశాను. అన్నీ న్యాయమైన మాటలే. అందులో ఒక్కటీ ముందురోజు సభలో నా నోటికి రాలేదు.

ఆమె అంతా విని, "మా దీవిలో రోగులు నిన్నేటన్నారు?" అని మాత్రం అడిగి పెన్ను చేతిలో పెట్టింది. సంతకం పెట్టాను.

తనిఖీకి తనే వచ్చింది. నాన్న కొట్టు ముందుభాగం చూపించి చాలన్నాడు. అన్ని తలుపులూ అని రాసుంది, ఆ షరతు మీవాడు కనిపెట్టిందే అని ఆమె కాగితం చూపించింది. ఎప్పుడూ తాళం వేసుండే వెనకగదిని నాన్న తెరవక తప్పలేదు. లోపల డ్రమ్ము నిండా నీళ్లు, పంచదార బస్తా, ఊదారంగు ఎసెన్సు సీసాలు ఉన్నాయి. సంతోషి నాలుగు మూలలూ చూసింది.

"మావా, ద్రాక్షపళ్లు కనిపించడం నేదు?"

నాన్న గబగబా డ్రమ్ము మీద మూత పెట్టేశాడు. పాతికేళ్లుగా ఊరు తాగుతున్న ద్రాక్షరసంలో ద్రాక్ష లేదన్న సంగతి కొడుకునైన నాక్కూడా అప్పుడే తెలిసింది. సైన్యాల రహస్యాలు విప్పడానికి ఎంత గొప్ప యంత్రం కావాలో ఏమో గానీ, మా ఇంటి రహస్యం విప్పడానికి నా నోటిదూల సరిపోయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ఆమె ఐసు ఇస్తుంది, ఎవరికీ చెప్పదు, కానీ సాయంత్రం గ్లాసుల్లో నిజం ద్రాక్ష ఉండాలి. నాన్న బజారంతా తిరిగి దొరికినన్ని పళ్లు తెచ్చాడు. చేతులు నల్లబడేదాకా నాన్నా నేనూ కూర్చుని పిసికాం. సాయంత్రానికి రసం సిద్ధమైంది, పరువు దక్కిందనే అనుకున్నాను.

పెళ్లికూతురి తండ్రి మొదటి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. మొహం అదోలా పెట్టి అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏటి రామ్మూర్తీ, మా ఇంటి పెళ్లికే కల్తీ చెయ్యాలా? నీ అసలు ద్రాక్షరసం ఏదీ?"

ఆ క్షణంలో నాన్న నా వైపు చూసిన చూపు ముందు ఏ పెద్ద దేశమైనా గజగజ వణికేది. నేను స్టీలు గ్లాసుల వెనక దాక్కున్నాను.

కనుక పాఠకులందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఉత్తుత్తికి కూడా ఇంకెప్పుడూ పెద్ద దేశంగా ఉండను. నిజం పెద్ద దేశాలు ఈరోజుకీ, మాది బాధ్యతగల దేశం అని అదే మాట చెబుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నా సంగతి తేల్చడానికి ఒక సంతోషి ఉంది, వాళ్లకి ఆమాత్రం దిక్కు కూడా లేదు.