టోపీ తాతగారి బాత్‌రూమ్ మంత్రం

ఆ రోజుల్లో దేవుడితో నా సంబంధం కూడా కాంట్రాక్టు పద్ధతి మీదే నడిచేది. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఓ కార్ల విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టర్‌ని. వీసాకి కొబ్బరికాయలు, ప్రాజెక్టుకి ప్రదక్షిణలు, గ్రీన్ కార్డుకైతే ఏకంగా గుండు. పని కాకముందు వణికిపోతూ మొక్కేవాణ్ణి, అయ్యాక అంతా నా తెలివే అనుకునేవాణ్ణి. (తీర్చని మొక్కుల జాబితా మా అమ్మ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది.)

మా పక్క క్యూబికల్‌లో టెస్టింగ్ చేసే యూదు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నడినెత్తిన చిన్న గుండ్రటి టోపీ పెట్టుకునేవాడు కనక ఆయనకి టోపీ తాతగారని పేరు పెట్టుకున్నాం. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కుని, బయట కారిడార్‌లో గోడ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని ఏదో గొణిగేవాడు. "నీ కోడ్‌ల బగ్గులు చూసి శాపం పెడ్తున్నడు రా," అనేవాడు అదే ఆఫీసులో పనిచేసే మా వరంగల్ రూమ్మేటు. నేను లంచ్ రూమ్‌లో నెత్తిన పేపర్ ప్లేటు పెట్టుకుని ఆయన్ని అనుకరిస్తుంటే అందరూ పడీపడీ నవ్వేవారు. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఒంట్లో తెరుచుకోవలసినవి తెరుచుకున్నాయి, మూసుకోవలసినవి మూసుకున్నాయి. ఒక్కటి మొరాయించినా దేవుడి ముందు నిలబడలేను కదా! అందుకు థాంక్స్ చెబుతున్నా," అన్నాడు. రోజుకెన్నిసార్లు అంటే, వెళ్లినన్నిసార్లట! ఓరి నాయనో, మేం ప్రమోషన్ వస్తేనే చెప్పం, ఈయన ఒంటికి వెళ్లొచ్చినందుకు చెబుతున్నాడు! మర్నాటి ప్రదర్శనకి కొత్త డైలాగులు దొరికాయి.

2009లో కార్ల కంపెనీలు కుదేలయ్యాయి. నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో శుక్రవారం తేలుతుంది. ఊడితే వీసా గోవిందా, పెట్టె సర్దుకోవడమే. నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కేశాను. గురువారం పొద్దున స్టేటస్ మీటింగ్‌లో ఉండగా నడుం పక్కన గునపం దింపినట్టయింది. కేకలు పెడుతున్న నన్ను కార్‌లో వేసుకుని ఆస్పత్రికి డ్రైవ్ చేసింది టోపీ తాతగారే. కిడ్నీలోంచి కందిగింజంత రాయి జారి దారికి అడ్డం పడిందట. చెంబులకొద్దీ నీళ్లు తాగించారు, చుక్క రాదు. "స్వామీ, కాంట్రాక్ట్ పోతే పోనీ, వీసా పోతే పోనీ, ఒక్క చుక్క రానీ తండ్రీ!" అని ఏడ్చాను. సాయంత్రానికి వచ్చింది. ఆ సుఖం తర్వాతెప్పుడో గ్రీన్ కార్డు వచ్చినప్పుడు కూడా ఎరగను.

దేవుడు కాంట్రాక్టుని అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాడు. శుక్రవారం మేనేజర్ పిలిచి, సారీ, రెన్యూ చెయ్యట్లేదన్నాడు. కాళ్లీడ్చుకుంటూ బాత్‌రూమ్‌కి వెళ్లాను. ఏ అడ్డూ లేకుండా పని అయిపోయింది. బయటికొచ్చి, తెలియకుండానే ఆ గోడ పక్కన నిలబడి చేతులు జోడించాను. "స్వామీ, ఉద్యోగం పోయింది. ఇది మాత్రం బాగుంది. చాలా థాంక్స్," అన్నాను తెలుగులోనే. కళ్లు తడిశాయి.

"ఆమెన్," అని వెనకనుంచి వినిపించింది. టోపీ తాతగారు! "నా భాష మీకు అర్థమైందా?" అన్నాను. "ఒక్క ముక్క కాలేదు. కానీ ఇక్కడ నిలబడి ఇంకేం చెబుతావు?" అని భుజం తట్టి, "లంచ్ రూమ్‌లో కన్నా ఇవాళ బాగా చెప్పావు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత తంటాలు పడి అరోరా అనే ఇంకో ఊళ్లో ఉద్యోగం సంపాదించాను. (దాని మొక్కూ జాబితాలోనే ఉంది.) ఇప్పుడు మా ఇంట్లో బాత్‌రూమ్ బయట నిలబడి నేను గొణుగుతుంటే, "నాన్నా, అక్కడ ఎందుకు స్టాండ్ చేస్తున్నావ్? సో వియర్డ్!" అంటుంది మా అమ్మాయి. నిన్న చూశాను, తమ్ముడి ముందు నన్ను అచ్చంగా దింపేస్తోంది, నెత్తిన పేపర్ ప్లేటు ఒక్కటే తక్కువ. కోప్పడబోయి నవ్వేశాను. నవ్వనీ, దానికింకా రాయి రాలేదు.