పెన్సిల్ పెట్టని ఫొటో

మొన్న మధ్యాహ్నం మా కోడలు వంటింట్లో నూడుల్స్ చేస్తూ వెనిగర్ సీసా మూత తీసింది. ఆ పుల్లటి వాసన హాల్లోకి రాగానే చేతిలో పేపరు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఫొటోలు కడిగే చీకటి గదిలో అచ్చం ఇదే వాసన ఉండేది. రాజమండ్రిలో గోదావరికి ఎదురుగా ఒక మేడ, ఆ పైగది కప్పు మీద మెల్లగా కదిలే నీళ్ళ వెలుగు, ఆ వెలుగులో సత్యవతిగారు. ఇంతకాలం నటుడిగా నాలుగు మెతుకులు తిన్నానంటే ఆవిడ చలవే.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు టైపిస్టుని, సాయంత్రమైతే నాటకాల రాయుణ్ణి. చిన్నప్పుడు అమ్మవారు పోసి, ఎడమ చెంప నిండా మచ్చలు మిగిల్చింది. స్టేజీ మీద దూరానికి అవి కనపడవు కాబట్టి నాకూ పెద్దగా గుర్తుండేవి కావు. సినిమా పిచ్చి పట్టాక మాత్రం అద్దమంటే భయం పట్టుకుంది. రాజమండ్రిలో ఓ పెద్ద స్టూడియోకు వెళ్ళి, వాళ్ళిచ్చిన కోటు తొడుక్కుని, తెర మీద గీసిన పాలరాతి మెట్ల ముందు నిలబడి ఫొటో దిగాను. వారం పోయాక బొమ్మ చూస్తే చెంపలు తమలపాకుల్లా ఉన్నాయి. మురిసిపోయి మద్రాసు పంపాను. నెల తిరక్కుండా రమ్మని ఉత్తరం వచ్చింది.

అక్కడ కంపెనీ ఆఫీసులో కళ్ళజోడాయన ఒకరు ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఈ కుర్రాడు రాలేదేంటి? మీరు వాళ్ళన్నయ్యా?" అన్నారు.

నేనేనని చెప్పాను. ఆయన వెటకారమాడలేదు, కోప్పడనూ లేదు. ఫొటో తిరిగి నా చేతిలో పెట్టి, "మేం పిలిచింది ఇతన్నండీ," అన్నారు. తిరుగు ప్రయాణమంతా చెంప మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

చివరిసారిగా ఇంకొక్క ఫొటో పంపుదామని, అదీ కుదరకపోతే బతుకంతా టైపు మిషనుతోనే సరిపెట్టుకుందామని నిశ్చయించుకున్నాను. పెద్ద స్టూడియో గడప తొక్కడానికి సిగ్గేసి, ఏటి ఒడ్డున సత్యవతిగారి చిన్న స్టూడియో మెట్లెక్కాను. భర్త పోయాక ఆయన కెమెరాను ఆవిడే నడిపేవారు. నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర ఏటవాలు బల్ల ముందు కూర్చుని, ఎవరిదో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దుతున్నారు. తలెత్తి నన్ను చూడగానే పెన్సిల్ ఆగింది.

"మీరు నాకు తెలుసండి," అన్నారు.

"నేనెప్పుడూ ఇటు రాలేదండి."

"మీరు రాలేదు, మీ ముఖం వచ్చింది. ఆ పెద్ద స్టూడియో వాళ్ళ నెగెటివులన్నీ దిద్దేది నేనేనండి. మీదానికి రెండ్రోజులు పట్టింది."

మా ఊళ్ళ అందగాళ్ళంతా ఆ బల్ల మీద తయారవుతున్నారని నాకప్పుడు తెలిసింది. మద్రాసులో జరిగింది చెబుతూంటే ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు. నన్ను దగ్గరికి పిలిచి బల్ల మీది నెగెటివ్ చూపించారు. ఎవరో పెళ్ళికూతురు. ముఖమంతా నల్లగా, చెంప మీద ఒకే ఒక్క తెల్లటి చుక్క.

"మచ్చ ఇందులో ఇలా వెలుగుతుందండి. మీ చెంపైతే కార్తీకమాసంలో గోదారిలా ఉంది, అన్ని దీపాలు! ఒక్కోటీ ఆర్పుతుంటే నాకు చెయ్యాడలేదు. అయినా ఒప్పుకున్న పని కదాని ఆర్పేశాను. తప్పు నాదేనండి. రేపు నాలుగింటికి రండి, ఎండ ఏట్లో పడే వేళకి. పౌడరు మాత్రం రాయకండేం."

మర్నాడు ఎడమ చెంప కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. లైట్లు వెయ్యలేదు. ఏయే వేషాలు వేశారని అడిగి, ఏదీ ఓ ముక్క చెప్పండన్నారు. చెప్పాను. కప్పు మీద వెలుగు అలలు అలలుగా కదులుతోంది. రేవులో పడవవాళ్ళ కేకలు నిద్రలో విన్నట్టు వినిపిస్తున్నాయి. చెబుతూ చెబుతూ నాకొక చెంప ఉందన్న సంగతే మరిచిపోయాను. కెమెరా చప్పుడు అప్పుడు వినిపించింది.

చీకటి గదిలోంచి తెచ్చిన తడి కాగితం మీద ప్రతి మచ్చా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇది పంపితే నన్నెవరు పిలుస్తారండీ?"

"పిలిస్తే మాత్రం మిమ్మల్నే పిలుస్తారండి. ఆ పైన మీ ఇష్టం. పెన్సిల్ ఇక్కడే ఉంది, దిద్దమంటే ఇప్పుడే దిద్దేస్తాను."

పెన్సిల్ వంక చూశాను. ఫొటో వంక చూశాను. అందులో ఉన్నవాడు ఏదో చెప్పబోతున్నట్టున్నాడు. వాడేం చెబుతాడో వినాలనిపించింది. "వద్దండి," అన్నాను.

ఆ ఫొటోనే మద్రాసు కంపెనీలకు పంపి, ఎనిమిది నెలలు పోస్టుమాన్ కోసం ఎదురుచూశాను. చివరికి వేరే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. అక్కడాయన నన్ను చూసి, "అచ్చం ఫొటోలాగే ఉన్నారే! కూర్చోండి," అన్నారు. పడవ సరంగు వేషం ఇచ్చారు. పరుగున వచ్చి సత్యవతిగారికి చెప్పాను. ఆవిడ సంబరపడుతూనే మళ్ళీ ఎవరిదో మచ్చ దిద్దడం మొదలుపెట్టారు. అదేంటండీ అంటే, "అందరూ వేషాలకి వెళ్ళరు కదండీ, పెళ్ళిచూపులకీ వెళ్ళాలి!" అని నవ్వారు.

ఆవిడ పోయినప్పుడు నేనెక్కడో షూటింగులో ఉన్నాను, వెళ్ళలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పటికీ మేకప్ వాళ్ళు ఎడమ చెంప దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెడతాను.

"మచ్చలు కప్పొద్దా సార్?" అని అడుగుతారు.

"వద్దు బాబూ. ఒకావిడ ఆర్పి, మళ్ళీ తనే వెలిగించింది," అంటాను.

వాళ్ళకేమీ అర్థం కాదు. కుడి చెంప వైపు వస్తారు.