కర్టెన్ వెనక మొఖాసా

ఆ రోజుల్లో బ్రిస్బేన్‌లో నాకున్న స్థిరాస్తి ఒక పరుపు, దానికి అడ్డంగా ఒక కర్టెన్. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కుర్రాళ్ళం కలిసి అద్దెకి తీసుకున్న ఇంట్లో గదులన్నీ సీనియర్లు పట్టేయగా, హాల్లో కిటికీ వార నాకు మిగిలిన చోటది. పరుపు మీద వాలితే ఎదురిళ్ళ మధ్య సందులోంచి సరస్సు ముక్క ఒకటి కనిపించేది. సాయంత్రపు ఎండ దాని మీద పడితే (అసైన్‌మెంట్ ఉన్న రోజు మరీ అందంగా పడేది) నాకు కవిత్వం వచ్చేది.

కవిత్వం వచ్చాక తగిన పేరుండాలి కదా. నా అసలు ఇంటిపేరు వాళ్ళు యూనివర్సిటీలో అడుగుకొకరు తగిలేవారు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసిన మా తాతయ్య నోట విన్న మాటొకటి గుర్తొచ్చింది, మొఖాసాదారు. పూర్వం కొలువు చేసినవాడికి రాజుగారు మెచ్చి రాసిచ్చిన ఊరు మొఖాసా, దాని ఆదాయం అనుభవించేవాడు మొఖాసాదారు. ఆ హక్కుల్ని చట్టం ఎప్పుడో రద్దు చేసింది కనుక అడ్డుచెప్పేవాళ్ళుండరని, దాన్నే నా సాహిత్యపు ఇంటిపేరు చేసుకున్నాను. 'నా సరస్సు' అనే కవిత ఆ పేరుతో తెలుగు సంఘం ఉగాది సంచికలో అచ్చయింది.

మనవాళ్ళు కవిత వదిలేసినా ఇంటిపేరు వదలరు. పండగనాడు పులిహోర వరుసలో సంఘం పెద్ద, మేమంతా అంకుల్ అనే ఆయన, నన్ను పట్టుకున్నారు. "మీది ఏ ఊరి మొఖాసా బాబూ?"

"కోనసీమ వైపండి" అని గొణిగాను.

పక్కనే ఉన్న వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. "లేక్ పోయెమ్ అమ్మ చదివి వినిపించింది. ఐ లవ్డ్ ఇట్. నిజంగా మీ లేకేనా?" అంది. నా కవిత మెచ్చిన మొట్టమొదటి మనిషి. అవునన్నాను. అంకుల్ వెంటనే, "అయితే ఆదివారం కాఫీకి వస్తాం, ఇల్లూ చూసినట్టుంటుంది" అని తేల్చేశారు.

ఆ అమ్మాయి నన్ను ఉత్త కోతలరాయుడనుకుంటే ఇక జన్మలో కలం పట్టలేనని బెంగ పట్టుకుంది. మా కుర్రాళ్ళలో వంటగాడు పప్పు బావ ధైర్యం చెప్పాడు. "ఇల్లంతా నీదేనంటాం మావా. గుమ్మం ముందు చెప్పుల గుట్ట దాచేస్తే చాలు." గుట్టని గరాజ్‌లోకి తోశాం. ఆదివారం కాఫీ కాకముందే అంకుల్ "గరాజ్ డబులా, రెండు కార్లు పడతాయా?" అంటూ తలుపు తీశారు.

"ఇన్ని చెప్పులు ఎవరివి బాబూ?"

"పాలేర్లవండి" అన్నాడు పప్పు బావ, వినయంగా.

నేను తలెత్తేసరికి ఆ అమ్మాయి కర్టెన్ పక్కకి లాగి నిలబడి ఉంది. పరుపు, దాని మీద ఆరని తువ్వాలు. "సో, ఇదా ఎస్టేట్?" అంది. ఇదేనన్నాను. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె తువ్వాలు జరిపి పరుపు మీద కూర్చుని, కిటికీలోంచి చాలాసేపు చూసింది. "డాడీ, లేక్ నిజంగానే కనిపిస్తోంది. హీ వాజ్ నాట్ లైయింగ్" అంది. అంకుల్ మరింకేమీ అడగకుండా కాఫీ తాగారు.

ఇప్పుడా అమ్మాయి మా ఆవిడ. అదే పేటలో మాకు సొంతిల్లుంది, గదికో పరుపుంది. ఏ కిటికీలోంచి చూసినా పక్కింటి కంచే కనిపిస్తుంది. కవిత రాసి ఏళ్ళయింది. మొన్న నడకకెళ్ళి ఆ పాత ఇంటి ముందు ఆగాను. కిటికీ లోపల అడ్డంగా కొత్త కర్టెన్, దాని పక్కన పడుకుని బయటికి చూస్తున్న ఎవరివో రెండు కళ్ళు. అలాగే నిలబడిపోయాను.

మా ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది. "కొంచెం జరుగు. యూ ఆర్ బ్లాకింగ్ దెయిర్ లేక్."

జరిగాను.