ఎండబెట్టిన రీలు

మా మనవరాలు సినిమా స్కూల్లో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ముందు వద్దన్నది నేనే. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. గాజువాకలో మా ఇంటి ముందు నుంచి పొద్దస్తమానం లారీలు పోయేవి. కిటికీ ఊచలు తుడిచిన గంటకే మళ్ళీ ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో పెరిగిన పిల్ల నర్సో టైపిస్టో అవుతుందనుకున్నాం గాని, కెమెరా పట్టుకుంటానంటుందని ఎవరనుకున్నారు?

ఆ స్కూలు ప్రభుత్వానిది కాదు. పట్నంలో ఓ మేడ మీద మూడు గదులు. మద్రాసులో కొన్నాళ్ళు కెమెరా పని చేసి వచ్చిన మాస్టారొకాయన నడిపేవారు. తతిమ్మా వాళ్ళందరూ మగపిల్లలే, మా పిల్ల ఒక్కతే ఆడపిల్ల.

మా అబ్బాయి పోర్టులో క్రేను నడిపేవాడు. కూతురి మాట కాదనలేడు, నా మాట తీసెయ్యలేడు. అందుకని మధ్యస్తంగా ఓ షరతు పెట్టాడు.

"ఏడాది ఆకర్ని ఓ చిన్న సినిమా సొంతంగా తీసి సూపించు. సూపిత్తే రెండో ఏడు సదువుకో. నేకపోతే టైపు నేర్చుకోవాల. మళ్ళీ నా కాడ కెమెరా మాట ఎత్తకూడదు" అన్నాడు. పిల్ల ఒప్పుకుంది.

ప్రతి నెలా ఇంటి పెద్దలెవరో ఒకరు వచ్చి కూర్చోవాలని ఆ స్కూల్లో పద్ధతి. అబ్బాయికి షిఫ్టులు, కోడలికి ఇంటిపని. నేనే బస్సెక్కి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. నా చదువు రెండో తరగతితో సరి. పాఠం అర్థం కాకపోయినా, ఎవడు వింటున్నాడో ఎవడు కునుకుతున్నాడో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. మా పిల్ల ఒక్కరోజూ కునకలేదు. అది కళ్ళారా చూశాను. అయినా ఇంటికొచ్చి ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఏడాది చివర తలా ఒక రీలు ఇచ్చారు. యారాడ ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని కొండెక్కి రావడం తీసింది మా పిల్ల. ఆ రోజు ఆదివారం కావడంతో స్కూలు మూసి ఉంది. రీలున్న రేకు డబ్బాని ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టింది. మర్నాడు స్కూల్లో ఇస్తే మద్రాసు పంపించి కడిగిస్తారు.

"దీనికి సెమ్మ తగలకూడదు మామ్మా, జాగర్త" అంది. అంతవరకే చెప్పింది.

శ్రావణమాసం. వారం రోజులుగా ఆగి ఆగి ముసురు. గోడలు చెమర్చి, చింతపండు బూజుపట్టి, పప్పులు మెత్తబడిపోయాయి. సోమవారం పొద్దున్నే తెరిపిచ్చి చురుక్కుమనే ఎండ కాసింది. పిల్ల కుళాయి దగ్గర నీళ్ళ వరసలో ఉంది. నేను డాబా మీద పాత చీర పరిచి కందిపప్పు, మిరపకాయలు పోశాను. అప్పుడు ఆ డబ్బా గుర్తొచ్చింది. పట్టుకుంటే చల్లగా, తడితడిగా తగిలింది. చుట్టూ అంటించిన పట్టీ ఊడదీసి, లోపలి నల్లసంచి విప్పి, చుట్టంతా వదులు చేసి చీర మీద పరిచాను. గాలికి లేవకుండా, గీతలు పడకుండా అంచుల్లో గులకరాళ్ళు పెట్టాను. నా పెళ్ళి చీర కూడా అంత పదిలంగా ఆరేసి ఎరగను.

బిందె దించి పైకొచ్చిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి సేసినావు మామ్మా?"

"సెమ్మ అన్నావు కదే. ఎండలో ఏసినాను."

అది మిరపకాయల పక్కనే కూలబడింది. "ఎలుగు తగిలితే బొమ్మ సచ్చిపోద్ది. కడిగిందాకా సీకట్లోనే ఉండాల" అంది. తర్వాత నా మొహం చూడకుండా, "నీకు ముందు నుంచీ ఇట్టం నేదు కదా" అంది.

ఇష్టం లేదన్నమాట నిజమే కదా. కోడలు కూడా అదే అనుకుందని ఆ పూట నాకు అన్నం వడ్డించిన తీరులోనే తెలిసింది. అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చి విని, "పోన్లే. వచ్చే నెల్లో టైపుకి సేర్చీద్దాం" అన్నాడు. అతని గొంతులో బరువు దిగిన నెమ్మది వినిపించింది. ఒళ్ళు మండింది నాకు.

"తప్పు సేసింది నాను. పిల్లెందుకు మానాల? ఏడాది అవనేదు. గడువు దాకా నోరెత్తకు" అన్నాను.

"రీలెక్కడ తెత్తావే అమ్మా?"

"అది నా పని."

మర్నాడు పిల్లతోపాటు స్కూలుకి వెళ్ళాను. దారంతా అది కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మాస్టారు గోదావరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు. జరిగింది దాచకుండా చెప్పాను.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందండి మామ్మగారూ. కాని ఈ ఏడాదికి వచ్చిన రీళ్ళన్నీ పంచేశాం. ఇంక లేవండి" అన్నారు.

"తుండుముక్కలు నేవా బాబూ? జాకెట్లు కుట్టీవోడి కాడ గుడ్డముక్కలు మిగులుతాయి. మీకేటీ మిగలవా?"

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. రీలు చివర వాడకుండా ఉండిపోయిన ముక్కని కుర్రాళ్ళు చీకటి గదిలో కత్తిరించి డబ్బాలో దాచుకుంటారట. "ఉంటాయండి. కాని ఎవరి ముక్కలు వాళ్ళవి. నేను అడిగితే బలవంతం చేసినట్టుంటుంది. మీరే అడగండి" అన్నారు.

క్లాసు ముందు నిలబడి, జరిగింది చెప్పి అడిగాను. పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు లేచి, "మామ్మా, పక్కన అప్పడాలు కూడా ఎట్టీసినావేటి?" అన్నాడు.

"అప్పడాలు నేవు. మిరపకాయలున్నాయి. నీకు కావాలా?"

అందరూ పగలబడి నవ్వారు. "నవ్వండి. నవ్వినోడల్లా తలో ముక్క ఇచ్చీండి" అన్నాను.

"ఇచ్చీ బావా. నేకపోతే రేపు నీ కెమెరా ఎండబెట్టీగల్దు" అని వాడి పక్కవాడు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. ఇద్దరు మాత్రం మేం ఇవ్వం అన్నారు. అది వాళ్ళ ఇష్టం. ఏడు ముక్కలొచ్చాయి.

గడియారానికి తిప్పినట్టు చావి తిప్పి వదిలితే అరనిమిషం తిరిగే కెమెరా స్కూలువాళ్ళది. ఒక్కో ముక్కా ఆ ఒక్క తిప్పుకే సరిపోతుంది. చెడితే రెండోసారి లేదు.

యారాడలో, మొదటి రీల్లో అందరికంటే ముందు నడిచిన చేపలావిడే మొండికేసింది. "మొన్న నాలుగుసార్లు ఎక్కించి దింపించినావు. సేపలు పాడైపోనాయి. నాను నడవను."

"అప్పా, నువ్వు ఒక్కో బొమ్మకి ఒక్కపాలే నడువు. తతిమ్మా నడకలు నాను నడుత్తాను" అన్నాను.

"నువ్వా? నీకు మోకాళ్ళున్నాయేటి?"

"సూడు మరి."

ఖాళీ గంపలో ఇసక పోయించి నెత్తికెత్తుకున్నాను. పిల్ల కెమెరా దగ్గర నుంచి నా ముక్కు దాకా టేపు పట్టి కొలిచేది, నేల మీద సుద్దతో గీత గీసేది. నేను దిగేదాన్ని, ఎక్కేదాన్ని. "వొంగిపోకు మామ్మా. ఆవిడ నిటారుగా నడుత్తాది" అనేది. నిటారుగా నడిచేదాన్ని. ఎండ మొహాన పడే చోటు, మలుపు తిరిగే చోటు, గాలికి కొంగు ఎగిరే చోటు అన్నీ దానికి కుదిరాకే ఆవిడని పిలిచేది. చావి తిప్పేది. ఆవిడ ఒక్కసారి నడిచేది. రెండు పొద్దుల్లో ఏడు ముక్కలూ అయ్యాయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల అడిగింది. "నిజంగా తెలీకే సేసినావా?"

"పాడుసెయ్యాలనుకుంటే పొయ్యిలో ఎట్టీదాన్ని. కట్టెలైనా మిగిలీవి. రాళ్ళెట్టి ఆరబెట్టుకుంటానేటి?"

అది నవ్వలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, దిగిందాకా తియ్యలేదు.

మద్రాసు నుంచి ఆరు ముక్కలు బాగా వచ్చాయి. ఒకటి వెలుగు సోకి తెల్లగా వచ్చింది. ఆరింటినీ పిల్లే అతికింది. తల్లిదండ్రులందర్నీ పిలిచి గోడకి తెల్లదుప్పటి కట్టి చూపించారు. మా అబ్బాయి డ్యూటీ బట్టలతోనే వచ్చి వెనకాల నిలబడ్డాడు. మూడు నిమిషాలు కూడా లేదు. గంప కింద ఆవిడ మెడ నరాలు, మలుపులో ఆగి పీల్చిన ఊపిరి, కింద ఓడలు. అయిపోయాక అతను మా దగ్గరకొచ్చాడు.

"క్రేను మీంచి రోజూ ఆ కొండ కనపడతాది. మనుసులు కనపడరు" అన్నాడు.

మాస్టారు రెండో ఏడాదిలో చేర్చుకునే కాగితం తెచ్చారు. అబ్బాయి దాన్ని నా వైపు జరిపాడు. "నువ్వే ఎట్టమ్మా సంతకం. నెలనెలా వచ్చింది నువ్వే కదా."

"నానెట్టను. షరతు నీది. తీసి సూపించింది నీ కూతురు. తండ్రివి నువ్వు, నువ్వే ఎట్టు."

అతను కాగితాన్ని గోడకి ఆనించి, ఎప్పుడూ పెట్టే పొట్టి సంతకం కాకుండా, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు. పిల్ల అతని భుజం మీంచి వంగి, చివరి అక్షరం దాకా చూసి, సిరా ఆరకముందే కాగితం అందుకుని మాస్టారి గదిలోకి వెళ్ళింది.